లాంచీ శంఖం

ఆ ఎండాకాలం నా నెత్తి మీద ఏముందో పాళెంలో ఒక్కరికీ తెలియదు. రోజూ అందరి కళ్ళ ముందే తిరిగాను. పెట్టె వెతికారు, అటక వెతికారు, వలల కుప్ప తిరగేశారు. నా నెత్తి కేసి మాత్రం ఎవరూ చూడలేదు. ఇన్నేళ్ళ తర్వాత తలుచుకున్నా నాకు కాస్త గర్వంగానే ఉంటుంది. ఎవరేమనుకుంటే నాకేం?

అది అరవై రెండో సంవత్సరం. వాకాడుకు తూర్పున, సముద్రం ఒడ్డున మా పాళెం. మా ఆయన కాలవలో ఉప్పు పడవల్ని లాగే లాంచీలో ఇంజను చూసేవాడు. ఆయన పేరు నేను పలకను. మా అత్త కామమ్మ నోరారా చిన్నపోలయ్యా అని పిలుచుకునేది, ఆ పేరే. ముందటి ఏడు వైశాఖంలో ఏటిమొగ దగ్గర ఏదో పడవ ఇసుకలో దిగబడిందని లాంచీని సముద్రంలోకి తీసుకుపోయారు. లాంచీ నడిపే పరాయి ఊరి స్రాంగూ ఆయనా, ఇద్దరే. బనీను మీద, భుజాన నీలం చారల తువ్వాలు వేసుకుని బయలుదేరాడు. పొడుగుచేతుల చొక్కా విప్పి కొయ్యకు తగిలించాడు.

"వేసుకోని పోరాదా?" అన్నాను.

"ఊరికి పోతుండానా ఏంది? మధ్యాన్నానికి వస్తా. పులుసు పెట్టు."

ఆయన చొక్కా సంగతి చెప్పాలి. ఇంటి దగ్గర ఉన్నంతసేపూ చేతులకు బొత్తాలు పెట్టుకునేవాడు కాదు. అవి వేలాడుతూ పులుసులో మునిగేవి, నేను తిట్టేదాన్ని, ఆయన నవ్వేవాడు. ఏ నెల్లూరో, మద్రాసో పోయేటప్పుడు మాత్రం గుమ్మంలో నిలబడి రెండు చేతులకూ బొత్తాలు పెట్టుకునేవాడు. బొత్తాలు పెట్టాడంటే రెండు మూడు రోజులు రాడని నాకు గుర్తు. ఆ రోజు చొక్కా బొత్తాలు పెట్టకుండా కొయ్యకు వేలాడుతోంది. కాబట్టి వస్తాడు.

మర్నాడు పొద్దున లాంచీ ఒక్కటే వచ్చింది. మనిషి లేడు, స్రాంగు లేడు. మూతి ఇసుకలోకి గుచ్చుకుని ఒడ్డున ఆగి ఉంది. డీజిలు తొట్టిలో పుల్ల పెట్టి చూస్తే చుక్క లేదు. ఇంజను మాత్రం చెయ్యి పెడితే కాలింది. డీజిలు లేకుండా ఎట్లా తిరిగిందో ఎవరికీ తెలియలేదు. దాని జోలికి పోవడానికే మా వాళ్ళు భయపడ్డారు.

మాలో సముద్రంలో పోయినవాడి శవం దొరక్కపోతే, వాడు కడసారి ఒంటి మీదనుంచి విప్పిన బట్టను, ఉతకనిదాన్ని, శవానికి బదులు పూడుస్తారు. ఏడాది లోపల పూడ్చాలి. ఇంకో బట్ట పనికిరాదు. ఆ బట్ట పూడ్చిన రోజే పెళ్ళానికి బొట్టు తీస్తారు, మెట్టెలు తీస్తారు. బట్ట దొరక్కపోతే? గుంట తీయరు. గుంట తీయకపోతే మనిషి పోనట్టే. నేను ఆ చొక్కా దాచేశాను. ఎక్కడ దాచానంటారా? చేపల గంప కింద నెత్తిన పెట్టుకునే చుట్టకుదురులో. చొక్కాను పొడుగ్గా మెలితిప్పి, పైన పాత చీరపేలిక చుట్టి, కుదురు చేసుకున్నాను. గంప మోసినా కుదురే, మోయకపోయినా కుదురే. శుక్రవారం శుక్రవారం తలుపేసుకుని విప్పి, చేతులు రెండూ సర్ది, మళ్ళీ చుట్టుకునేదాన్ని. బొత్తాలు ఎప్పుడూ పెట్టలేదు.

ఏడాది నిండడానికి ఇంకా నెలన్నా లేదనగా మా అన్న హజరత్తయ్య లాంచీ ఇంజనును ఇంటికి తెచ్చాడు.

మా అన్న వాకిలీ మా వాకిలీ ఒకటే. ఆయనకు మిలిటరీ వాళ్ళు వదిలేసిన పాత వ్యాను ఒకటి ఉండేది. మా చేపల్ని గూడూరు రైలుకు అందించే బండి అదొక్కటే. దాని ఇంజను విరిగిపోయింది. పాడుపడ్డ లాంచీలో సీమ ఇంజను ఊరికే తుప్పుపడుతుంటే ఆయనకు కన్ను పడింది. ఎడ్లబండి మీద తెచ్చి, తాటాకు పందిరి వేసి, వ్యాను మూతి విప్పి అందులో బిగించడం మొదలుపెట్టాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"సిగ్గుండక్కర్లా అన్నా? నా మొగుణ్ణి మింగినదాన్ని తెచ్చి నా వాకిట్లోనే పెడతావా?"

"ఇనుము మే ఇది. ఇనుము మింగుద్దా? ఆ పానా ఇటియ్యి."

ఇచ్చాను. ఇచ్చి అక్కడే కూర్చున్నాను. మా ఆయన చేతులు తగిలిన సామాను ఎదురుగా ఉంటే లేచిపోవడం నా వల్ల కాలేదు.

ఇంజను పక్కన ఒక విచిత్రమైన సామాను ఉండేది. అచ్చం శంఖంలాగా చుట్టలు తిరిగి, లోపల చిన్న పంకా. ఇంజను వదిలిన పొగ ఆ పంకాను తిప్పితే, అది బయటి గాలిని లాగి మళ్ళీ ఇంజనులోకే తోస్తుందట, ఇంజనుకు బలం వస్తుందట. బయటి గాలి లోపలికి రావడానికి నా మోచేతి లావు రబ్బరు గొట్టం. శంఖం అని పేరు పెట్టింది నేనే. మా అన్న ఆ గొట్టం ఊడదీసి లోపల వేలు పెట్టి, ఏదో చిక్కుకుందని లాగాడు. పంకా ఇరుసుకు బిగిసి మెలితిరిగిన గుడ్డపీలిక వచ్చింది.

"ఎలక గూడు పెట్టినట్టుంది" అని పారేశాడు.

నేను తీసుకున్నాను. నూనె పీల్చి నల్లగా ఉంది. కిరసనాయిలులో ముంచి పిండితే నీలం చారలు తేలాయి. అన్నకు చూపించాను. ఆయన చేతులు తుడుచుకుని దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు.

"తువ్వాలు దాని నోట్లోకి ఎట్టా పోయింది అన్నా?"

"నాకేం తెలుసు మే. గాలికి పొయ్యుంటది."

నమ్మినట్టే ఊరుకున్నాను. 

గూడూరు నుంచి యెహోషువ అనే మెకానిక్ ఒకరోజు వచ్చి చూశాడు. నెమ్మదైన మనిషి. పంకాను అటూ ఇటూ ఊపి తల అడ్డంగా తిప్పాడు.

"ఇరుసు కాడ సీలు పోయింది హజరత్తయ్యా. మద్రాసు నుంచి తెప్పించాల్సిందే. ఇట్టనే బిగించినావంటే ఇంజను నూనె ఈ సందులోంచి గాలి గొట్టంలోకి కారుద్ది. అప్పుడు ఇంజను తన నూనె తానే తాగి తిరుగుద్ది. డీజిలు కట్టేసినా నిలవదు."

"మరి నిలిపేదెట్టా?"

"గాలి కట్టాల. గొట్టం మూతి మూసేయాల, అంతే. చెయ్యి మాత్రం పెట్టబాకయ్యా, లాక్కుంటది."

నేను గడప మీద కూర్చుని చేపలు తోముతున్నాను. ఆ మాట చెవిన పడింది. తువ్వాలు దాని నోట్లోకి ఎట్లా పోయిందో నాకు అప్పుడు తెలిసింది. మా ఆయన డీజిలు కట్టేసి ఉంటాడు. అది నిలిచి ఉండదు. సముద్రం లోపలికి, ఇంకా లోపలికి ఈడ్చుకుపోతుంటే తువ్వాలు తీసి మూతిలో కుక్కి ఉంటాడు. తువ్వాలు చిన్నది, చిరిగి లోపలికి పోయి ఉంటుంది. తర్వాత? తర్వాత సంగతి ఆలోచించదలుచుకోలేదు. చొక్కా ఇంకా నా నెత్తి మీద ఉంది. వస్తాడు.

మా అన్నకు మద్రాసు నుంచి సీలు వచ్చేదాకా ఓపిక ఎక్కడిది? పడవ చేసిన చెయ్యి. పడవ నెర్రెలు విచ్చితే మేము కొబ్బరిపీచు కుక్కి, గుగ్గిలం కాచి పోస్తాం. సముద్రమంతా వచ్చి తోసినా చుక్క దిగదు. అదే పని శంఖానికి చేశాడు. ఇరుసు చుట్టూ సన్నగా పేనిన పీచు కుక్కి, గుగ్గిలం కాచి పోసి, ఉలి వెనక పక్కతో తట్టి మురిసిపోయాడు.

"నీళ్ళనే ఆపేది, నూనెను ఆపదా?"

గుగ్గిలం నిప్పుకు ఏమవుతుందో పందిరి కింద ఇద్దరికీ గుర్తు రాలేదు. నన్ను కూడా తిట్టుకోవాలి.

ఆ మధ్యాహ్నం అన్న నిద్రపోయాడు. శంఖమూ గొట్టమూ బిగించి చాప మీద పెట్టి ఉన్నాయి. పాళెంలో మనుషులే లేనట్టుంది, కుక్క కూడా అరవలేదు. సముద్రం గాలి గొట్టం మూతికి తగిలి లోపల ఊ అని సన్నగా రాగం. మా ఆయన పని చేసుకుంటూ ముక్కుతో తీసే రాగం అట్లాగే ఉండేది, పాట కాదు, ఒకటే ఊ.  పోయి గొట్టానికి చెవి పెట్టాను. రాగం వెనక చెక్కకు నీళ్ళు కొట్టుకుంటున్న చప్పుడు. టప్, టప్ అని. లాంచీలో పడుకుంటే పక్కనే వినిపించే చప్పుడు.

గొట్టంలో నోరు పెట్టి అడిగాను. "మధ్యాన్నానికి వస్తానంటివే. ఏ మధ్యాన్నం?"

రాగం ఆగిపోయింది. గాలి పడిపోయిందేమో అని తల ఎత్తి చూశాను. పందిరి తాటాకులు ఊగుతూనే ఉన్నాయి.

ఈ మాట ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమంటారో తెలుసు.

రెండు రోజులకు శంఖం దాని చోట ఎక్కింది. నాలుగు బోల్టులు, నూనె గొట్టం, దాని కింద నూనె వెనక్కి పోయే గొట్టం, చివరన రబ్బరు గొట్టం, దానికి ఇనప పట్టీ. గాలి వడగట్టే డబ్బా వ్యానులో పట్టలేదు. గొట్టం మూతి బోసిగానే వదిలేశాడు. సాయంత్రం ఇంజను తిప్పాడు. రెండు దగ్గులు దగ్గి అందుకుంది. అంతలోనే ఎక్కడినుంచో ఒక కూత లేచింది. ఏం కూత! సన్నగా మొదలై, లావై, గుండెలోకి దిగి ఆగకుండా సాగింది. రబ్బరు గొట్టం ఎక్కడో పగిలి ఉంది, గాలి అందులోంచి కూస్తోంది. అన్నకూ నాకూ తెలుసు. పాళేనికి తెలియదు.

మా పాళెంలో మనిషి పోతే దాసరి వచ్చి శంఖం ఊదుతాడు. అది వినపడగానే ఎవరింట్లో వాళ్ళు పొయ్యిలో నీళ్ళు పోయాలి, వలలు దించాలి. మట్టి చేసి వచ్చేదాకా పొయ్యి వెలగదు, పడవ దిగదు. అన్న ఇంజను ఆపేలోపల, అంటే వంద లెక్కపెట్టే లోపల, డెబ్బై కొంపల పొయ్యిలూ ఆరిపోయాయి. తడిచేతులతో ఆడవాళ్ళు వాకిళ్ళలోకి వచ్చారు. ఎవరు పోయినారు, ఎవరు పోయినారు అని ఒకరినొకరు అడుగుతూ వచ్చి మా పందిరి ముందు నిలబడ్డారు. నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది.

పాళెం పెద్దకాపు మస్తానయ్య చేతికర్రతో వచ్చాడు. అన్న చెప్పిందంతా విన్నాడు.

"గొట్టం కూసిందో, గోవిందుడు కూసినాడో. పొయ్యిలు ఆరినై గదా? ఆరిన పొయ్యి మట్టి చెయ్యకుండా ఎలిగించేదెట్టా? మన పెద్దలు యాడన్నా ఎలిగించినారా?"

"పోయినోళ్ళు ఎవురూ లేరే మామా" అన్నాడు అన్న.

మస్తానయ్య నా వైపు తిరిగాడు. "ఉండాడు. ఏడాదిగా గుంట లేకుండా ఉండాడు. పేరమ్మా, ఆ చొక్కా ఇచ్చెయ్యి తల్లీ. వాడికీ దారి దొరుకుద్ది, మా బిడ్డలకీ కూడు దొరుకుద్ది."

"నా కాడ లేదు."

"ఎట్టా లేదే?" అంది మా అత్త వెనకనుంచి. అప్పటిదాకా ఆమె నన్ను ఎప్పుడూ అడగలేదు. కొడుకు పోయాడని ఒప్పుకోవడం ఆమెకు మాత్రం ఇష్టమా? కానీ ఆ రోజు అడిగింది. "పసిబిడ్డలు పస్తు పడుకుంటారు మే. వాళ్ళ ఉసురు మనకెందుకు?"

"లేదన్నా గదా అత్తా!"

అరిచాను. అరిచి లోపలికి పోయి తలుపేసుకున్నాను. తెల్లవార్లూ ఆ ఇంటా ఈ ఇంటా పిల్లల ఏడుపు. కుదురు తీసి ఒళ్ళో పెట్టుకుని, నేనూ ఏడ్చాను. అంత పాపిష్టిదాన్ని నేనేం కాదు.

పొద్దున అన్న మస్తానయ్యను ఒప్పించాడు. శంఖం ఊడదీసి, గొట్టం బాగుచేసి మళ్ళీ బిగిస్తాడు. అందరి ముందూ ఇంజను తిప్పుతాడు. కూత రాకపోతే నిన్నటిది శంఖం కానట్టే, పొయ్యిలు వెలిగించుకోవచ్చు. కూత వస్తే పేరమ్మ చొక్కా ఇచ్చి తీరాలి. మస్తానయ్య గడ్డం గోక్కుని సరే అన్నాడు.

అన్న గొట్టం పగులు మీద తెరచాప గుడ్డ చుట్టి, తారు పూసి, పురికొస బిగించాడు. నేను పట్టుకున్నాను. ఆ ఇనప పట్టీ మర నా చేతులతో నేనే బిగించాను, మోచెయ్యి నొప్పి పుట్టేదాకా. నా మొగుడి ప్రాణం ఆ పట్టీలో ఉందని నాకు తెలుసు.

ఎండ నడినెత్తికి వచ్చింది. ఆకలితో నకనకలాడుతూ పాళెమంతా పందిరి చుట్టూ చేరింది. అన్న ఇంజను తిప్పాడు. అందుకుంది. కూత లేదు. అన్న నాకేసి చూసి నవ్వాడు. ఇంకాస్త వేగం పెంచాడు, కూత లేదు. మస్తానయ్య చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విన్నాడు. ఆడవాళ్ళు అగ్గిపెట్టెల కోసం ఇళ్ళకేసి తిరిగారు. 

అప్పుడు వాసన వచ్చింది.

"ఎవురే గుగ్గిలం ఏసింది?" అంది మా అత్త.

ఎవరూ వేయలేదు. బండి కింద నుంచి తెల్లటి పొగ, దేవుడి దగ్గరా శవం దగ్గరా వేసే పొగ, పందిరంతా నిండింది. శంఖం వేడికి గుగ్గిలం కరిగి కారుతోంది. ఇంజను చప్పుడు దానంతట అదే పెరిగింది. అన్న డీజిలు కట్టేశాడు. ఆగలేదు. డీజిలు గొట్టమే పీకేశాడు. ఇంకా పెరిగింది. బండి దిమ్మెల మీద ఎగిరెగిరి పడుతోంది, మనుషులు కేకలేస్తూ పారిపోతున్నారు. యెహోషువ మాట నాకు గుర్తొచ్చింది, అన్నకు సగమే గుర్తొచ్చింది. గొట్టం మూతికి అరచెయ్యి అడ్డం పెట్టాడు. దబ్బున పట్టుకుంది. లాక్కుందామంటే రాలేదు.

"అన్నా!"

ఆయన అరచెయ్యి మూతికి పూర్తిగా ఆనలేదు, పక్కనుంచి గాలి పోతూనే ఉంది.  ఇరుసు విరిగి ఇంజను పగిలితే ఇనప ముక్కలు మొట్టమొదట ఆయన గుండెల్లోనే దిగుతాయి. చుట్టూ చూశాను. గుడ్డ లేదు, గోనె లేదు. నెత్తి మీదికి చెయ్యి పోయింది.

ఒక్క క్షణం ఆగాను. ఆ ఒక్క క్షణం ఆగినందుకు మా అన్నకు ఇప్పటికీ క్షమాపణ చెప్పుకుంటాను.

కుదురు తీసి, రెండు చేతులతో ఆయన చెయ్యి పక్కకు లాగి, మూతిలో కుక్కాను. పైన చుట్టిన పేలిక ఊడిపోయింది. చొక్కా చెయ్యి ఒకటి విప్పుకుని లోపలికి సాగింది. దడదడా లాక్కుంటుందనుకున్నాను. లేదు. అవతల ఎవరో అందుకుని, జాగ్రత్తగా, చొక్కా తొడుక్కుంటున్నట్టు మెల్లగా తీసుకుంది. రబ్బరు గొట్టం నొక్కుకుపోయి చదునైంది. ఇంజను వణికింది, రెండుసార్లు ఊపిరి అందక కొట్టుకుంది, ఆగిపోయింది. నా నోట మా ఆయన పేరు వచ్చిందట. తర్వాత అన్న చెప్పాడు.

సముద్రం చప్పుడు ఒక్కటే మిగిలింది. అన్న అరచేతిలో గాజంత గుండ్రంగా నల్లగా కమిలిన మచ్చ.

పారిపోయినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. మూతి బయట వేలాడుతున్న చొక్కాను మా అత్త చూసింది.  దగ్గరికి వచ్చి గల్లా పట్టుకుని వాసన చూసింది.

"యాడ పెట్టుండావే ఇన్నాళ్ళూ?"

"నెత్తిన."

అన్న ఎడమ చేత్తో పట్టీ మర విప్పి గొట్టం ఊడదీశాడు. నేను చొక్కా మెల్లగా బయటికి లాగాను. ఎక్కడా చిరగలేదు. లోపలికి పోయిన చెయ్యి నూనెతో తడిసి నల్లగా వచ్చింది. దాని చివర చూశాను.

బొత్తాం పెట్టి ఉంది.

ముందటి శుక్రవారం నా వేళ్ళతో నేను సర్దిన చెయ్యి అది. బొత్తాం పెట్టలేదు, అప్పుడు పెట్టలేదు, ఎప్పుడూ పెట్టలేదు. మా అత్త కూడా చూసింది. గుమ్మంలో నిలబడి బొత్తాలు పెట్టుకునే కొడుకుని ఆమె నాకంటే ఎక్కువ ఏళ్ళు చూసింది.

"మస్తానయ్య మామా" అన్నాను. "గుంట తీయించు. పొద్దుగూకే లోపల బిడ్డలు అన్నం తినాల."

కింద కూర్చుని చొక్కాను ఒళ్ళో పరుచుకున్నాను. రెండో చెయ్యి బొత్తాం పెట్టకుండా వేలాడుతోంది. నాకు రంధ్రం దొరకలేదు. మా అత్త పట్టుకుంది, నేను పెట్టాను.